నెల్లూరు కలెక్టర్ ఇచ్చిన 25 రూపాయలు



మొన్నటి పేరెంట్–టీచర్ మీటింగ్‌లో ఎనిమిదో తరగతి తల్లిదండ్రులు చాలామంది నన్ను ఒకే మాట అడిగారు. "మేడం, మావాడికి ఏఐ ఎప్పటినుంచి నేర్పిస్తారు? అది నేర్చుకుంటే ప్యాకేజీ ఎంత వస్తుంది?" మీ ఆరాటం నాకు అర్థమవుతుంది. నెలనెలా ఫీజు కట్టడం ఎంత కష్టమో తెలిసిన ఇంట్లోనే నేనూ పెరిగాను.

అదే రోజు ఒక అమ్మమ్మగారు మాత్రం వేరే ప్రశ్న వేశారు. మనవరాలి ప్రోగ్రెస్ కార్డు చూసి, సంతకం చేసి, వెళ్తూ వెళ్తూ ఆగారు. "టీచరమ్మా, ఈ ఫోను మా పిల్ల మాట్లాడితే మంచిగనే రాస్తది. నేను మాట్లాడితే ఏదేదో రాస్తదేంది బిడ్డా?" అన్నారు. నవ్వి ఊరుకున్నాను గానీ, నా దగ్గర సరైన జవాబు లేదు. ఇంటికి వెళ్లి చదివాను. చదివిన కొద్దీ ఆ ప్యాకేజీ ప్రశ్నకూ, అమ్మమ్మగారి ప్రశ్నకూ సంబంధం ఉందని తెలిసింది. ఏఐ నేర్చుకున్న తెలివైన పిల్లలకు డబ్బు ఎవరు ఇస్తారు? ఎవరి అవసరం తీర్చినందుకు ఇస్తారు? ఈ నెల పాఠం అదే.

ముందు మన దగ్గరి కథ ఒకటి

1910 చివర్లో ఒక యువకుడు నెల్లూరు వచ్చి అక్కడి కలెక్టర్ ఆర్. రామచంద్రరావు గారిని కలిశాడు. చేతిలో లెక్కలతో నిండిన నోటుపుస్తకాలు. డిగ్రీ లేదు. లెక్కల ధ్యాసలో పడి మిగతా సబ్జెక్టులు వదిలేయడంతో కాలేజీ పరీక్షలు తప్పాడు, ఉన్న స్కాలర్‌షిప్ కూడా పోయింది. పెళ్లయింది, ఉద్యోగం లేదు. ఆ యువకుడి పేరు శ్రీనివాస రామానుజన్.

రామచంద్రరావు గారికి గణితం తెలుసు. అయినా ఆ నోటుపుస్తకాల్లో ఉన్నది ఆయనకు వెంటనే అంతుపట్టలేదు. మొదట అనుమానపడ్డారు. మళ్లీ మళ్లీ మాట్లాడాక నమ్మకం కుదిరింది. కుదిరాక ఆయన చేసిన పని చిన్నదే. నెలకు 25 రూపాయలు సొంత జేబులోంచి పంపారు. మద్రాసులో ఉంటూ, తిండికి వెతుక్కోకుండా లెక్కలు చేసుకోమన్నారు.

1911లో రామానుజన్ మొదటి పరిశోధనా వ్యాసం అచ్చయింది. ఒకరి మీద ఎంతోకాలం ఆధారపడడం ఇష్టంలేక ఆయన 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో నెలకు 30 రూపాయల గుమాస్తా ఉద్యోగంలో చేరారు. 1913లో కేంబ్రిడ్జ్‌లోని హార్డీకి ఉత్తరం రాశారు. ఆ ఏడాదే మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. 1914లో ఇంగ్లండ్ వెళ్లారు. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు.

ఈ కథలో మూడు సంగతులు గమనించండి. డబ్బు ఇచ్చినాయన ముందు జాగ్రత్తగా పరీక్షించారు. ఇచ్చాక, బదులుగా తన పని ఏదీ చేయమనలేదు. ఇచ్చింది కొంతకాలమే అయినా, సరిగ్గా అవసరమైన సమయంలో ఇచ్చారు. ఈ రోజుల్లో ఫెలోషిప్ అనీ, గ్రాంట్ అనీ పిలిచేవాటికి మూలసూత్రం ఇదే.

తెలివికి డబ్బు వచ్చే మూడు దారులు

ఏఐ తెలిసిన ఒక అమ్మాయి ఉందనుకుందాం. ఆమెకు మూడు దారుల్లో డబ్బు రావచ్చు.

ఒకటి, కంపెనీ జీతం. కంపెనీకి లాభం తెచ్చే పని చేయాలి. ఇందులో తప్పేమీ లేదు, మనలో చాలామంది ఇళ్లు గడిచేది జీతాల మీదే. అయితే డబ్బు పెట్టి కొనగలిగేవారి అవసరాలే ఇక్కడ ముందు వరుసలో ఉంటాయి.

రెండు, ప్రభుత్వం. పన్నుల డబ్బు కాబట్టి లెక్క చెప్పాలి, నిబంధనలు పాటించాలి. కొత్త ఆలోచన ఫలిస్తుందో లేదో తెలియని దశలో అనుమతులు రావడానికి సమయం పడుతుంది.

మూడు, దాతల డబ్బు. లాభం రాకపోయినా, ప్రయోగం విఫలమైనా ఓర్చుకోగల డబ్బు ఇది. మన ఊళ్లలో బడి గదులకూ, హాస్టళ్లకూ, అన్నదానాలకూ ఇచ్చేవారిని చూశాం. ఇప్పుడు అలాంటి దానం ఏఐ మీద పనిచేసే మనుషులకూ చేరుతోంది. ఉదాహరణకు, గూగుల్‌కు ఒకప్పుడు అధిపతిగా ఉన్న ఎరిక్ ష్మిట్, ఆయన భార్య వెండీ కలిసి 2022లో 'ఏఐ2050' అనే కార్యక్రమం ప్రకటించారు. ఐదేళ్లలో 12.5 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. ఏఐ సమాజానికి మేలు చేసేలా పనిచేస్తున్న పరిశోధకులను ఎంచుకుని వారికి ఫెలోషిప్‌లు ఇస్తారు.

అమ్మమ్మగారికి జవాబు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఫోను మన మాటలను రాతగా మార్చడం ఎలా నేర్చుకుంటుంది? చంటిబిడ్డలాగే, విని విని. వేల గంటల రికార్డింగులు, వాటి పక్కనే అందులో ఏం మాట్లాడారో రాసిన పాఠం, ఈ రెండూ కలిపి కంప్యూటర్‌కు ఇస్తారు. ఎవరి గొంతులు ఎక్కువ విందో వారి మాట బాగా అర్థమవుతుంది. వార్తలు చదివేవారి తెలుగే ఎక్కువగా వింటే, ఆదిలాబాద్ అమ్మమ్మ మాటా, శ్రీకాకుళం తాతయ్య యాసా దానికి కొత్తగానే ఉంటాయి. అమ్మమ్మగారి మాటలో దోషం లేదు. అలాంటి గొంతులు దానికి తగినన్ని వినిపించలేదు, అంతే.

మరి వినిపించాలంటే ఎవరో ఒకరు ఊరూరా తిరిగి గొంతులు రికార్డు చేయాలి. మాట్లాడినవారికి డబ్బు ఇవ్వాలి. విన్నది రాయాలి, రాసింది సరిచూడాలి. ఎంతో ఖర్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్లకు పైనే. కాబట్టి తెలుగుకు కొంతైనా మార్కెట్ ఉంది. సంతాలీ, బోడో, మైథిలీ వంటి భాషలకు ఆ వసతి కూడా తక్కువ.

ఈ పని మీద కూర్చున్న బృందం ఐఐటీ మద్రాసులోని 'ఏఐ4భారత్'. మితేష్ ఖాప్రా, ప్రత్యూష్ కుమార్ వంటి పరిశోధకులు దీన్ని మొదలుపెట్టారు. 2022 జులైలో రోహిణి, నందన్ నీలేకని దంపతులు ఇచ్చిన 36 కోట్ల రూపాయల విరాళంతో అక్కడ 'నీలేకని సెంటర్' ఏర్పడింది. కేంద్ర ప్రభుత్వ 'భాషిణి' కార్యక్రమంతో కూడా ఈ బృందం కలిసి పనిచేస్తోంది.

ఫలితం ఏమిటి? 2023లో ఈ బృందం రాజ్యాంగంలోని 22 షెడ్యూల్డ్ భాషలకూ అనువాద సాధనం విడుదల చేసింది. 2024లో 'ఇండిక్‌వాయిసెస్' పేరుతో 145 జిల్లాల్లో 16 వేల మందికి పైగా మనుషుల నుంచి సేకరించిన 7 వేల గంటలకు మించిన మాటల భాండాగారాన్ని బయటపెట్టింది. చూసి చదివినవే కాకుండా మామూలుగా మాట్లాడుకున్న మాటలు కూడా అందులో ఉన్నాయి. ఇవన్నీ ఓపెన్ సోర్స్, అంటే ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, మెరుగుపరచవచ్చు. ప్రత్యూష్ కుమార్ తర్వాత 2023లో 'సర్వం ఏఐ' అనే కంపెనీ స్థాపకుల్లో ఒకరయ్యారు. మరి ఇచ్చిన విరాళం వృథా అయినట్టా? కాలేదు. బృందం చేసిన పని అందరికీ తెరిచి ఉంది కాబట్టి, మనుషులు వెళ్లినా పని నిలిచి ఉంటుంది. దానం చేసిన డబ్బుతో తయారైనది ఊరిబావిలా అందరిదీ అయి ఉండాలన్నది ఇందుకే.

పత్తి చేనులో ఇంకో ఉదాహరణ

మన పిల్లల్లో చాలామందికి ఊళ్లో పత్తి పండించే తాతయ్యో బాబాయో ఉంటారు. గులాబీ రంగు కాయతొలుచు పురుగు వారికి పెద్ద శత్రువు. కాయ లోపల ఉండి తింటుంది కాబట్టి బయటికి కనబడదు. కనబడేసరికి ఆలస్యమవుతుంది. అందుకే చేనులో లింగాకర్షక బుట్టలు కడతారు. బుట్టకు రోజుకు ఎనిమిది చొప్పున వరుసగా మూడు రోజులు రెక్కల పురుగులు పడితే మందు కొట్టాల్సిన సమయం వచ్చిందని శాస్త్రవేత్తలు చెబుతారు. కానీ రోజూ లెక్కపెట్టి, ఏ పురుగు ఏదో గుర్తుపట్టి నిర్ణయం తీసుకోవడం సులువు కాదు. భయంతో ముందే కొడితే ఖర్చు, ఆలస్యంగా కొడితే పంట నష్టం.

అమెరికాలో స్థిరపడిన రొమేష్, సునీల్ వాధ్వానీ సోదరులు 2018లో 3 కోట్ల డాలర్ల విరాళంతో ముంబైలో 'వాధ్వానీ ఏఐ' అనే లాభాపేక్ష లేని సంస్థను ప్రారంభించారు. ఆ సంస్థలోని ఇంజినీర్లు బుట్టలో పడిన పురుగులను ఫోనుతో ఫొటో తీస్తే చాలు, అవి ఏవో గుర్తించి, లెక్కపెట్టి, మందు కొట్టాలో వద్దో చెప్పే సాధనం తయారుచేశారు. 2019లో గూగుల్ దాతృత్వ విభాగం ప్రపంచమంతటి నుంచి వచ్చిన 2,600కు పైగా దరఖాస్తుల్లో 20 సంస్థలను ఎంపిక చేస్తే అందులో ఇదొకటి. 20 లక్షల డాలర్ల సాయం అందింది.

ఇక్కడ పనిచేసే ఇంజినీర్ చదివిన చదువూ, పెద్ద కంపెనీలో ప్రకటనలు ఎవరికి చూపాలో లెక్కకట్టే ఇంజినీర్ చదివిన చదువూ ఒకటే. గణితం ఒకటే, కోడింగ్ ఒకటే. వేసుకున్న ప్రశ్న మాత్రం వేరు.

ఇచ్చే చేతిని కూడా అడగాలి

దానం కదా అని అంతా మంచిదేనని పిల్లలకు చెప్పకండి. మూడు ప్రశ్నలు వేయడం నేర్పండి.

ఏ సమస్య ముఖ్యమో ఎవరు నిర్ణయిస్తున్నారు? దాత మనసుకు నచ్చిన సమస్యకే డబ్బు వస్తే, ఊరికి నిజంగా కావలసినది వెనకబడిపోవచ్చు. ఏఐ వ్యాపారంలోనే సంపాదించినవారు ఏఐ మీద దానం చేస్తున్నప్పుడు ఈ ప్రశ్న మరీ అవసరం.

తయారైనది ఎవరిది అవుతోంది? తలుపులు తెరిచి ఉందా, తాళం వేసి ఉందా?

ఎవరు మిగిలిపోతున్నారు? పెద్ద పెద్ద విద్యాసంస్థల్లో ఉన్నవారు దాతల కంట పడడం తేలిక. రామానుజన్‌కైనా కలెక్టర్ దాకా వెళ్లే దారి దొరికింది. దారి దొరకని రామానుజన్లు ఎందరో మనకు తెలియదు. పరీక్ష తప్పిన ప్రతి పిల్లవాడూ రామానుజన్ కాదు, నిజమే. కానీ మార్కుల షీటు ఒక్కటే చూసి ఉంటే రామచంద్రరావు గారు ఆయన్ను గుమ్మం దగ్గరినుంచే పంపించేసేవారు. టీచర్‌గా ఈ మాట నాకు నేను కూడా చెప్పుకుంటున్నాను.

ఈ నెల ఇంట్లో చేయాల్సినవి

1. 2050 ఆట. ఏఐ2050 కార్యక్రమం పరిశోధకుల ముందు పెట్టే ప్రశ్న ఇంచుమించు ఇది: ఇప్పుడు 2050 అనుకుందాం, ఏఐ సమాజానికి చాలా మేలు చేసింది, అలా జరగడానికి మనం ఏం చేశాం? భోజనం దగ్గర మీ పిల్లలను ఇదే అడగండి. ఆ ఏడాదికి మన ఎనిమిదో తరగతి పిల్లలు నలభైకి దగ్గర పడుతుంటారు. వారి జవాబును నాలుగు వాక్యాల్లో రాయించి పంపండి.

2. సమస్యల పుస్తకం. ఒక చిన్న నోటుబుక్కు ఇవ్వండి. వారానికి ఒకటి చొప్పున, ఇంట్లోనో వీధిలోనో ఎవరికో ఇబ్బందిగా ఉన్న విషయం ఒకటి రాయమనండి. పరిష్కారం వెంటనే అక్కర్లేదు. అందులో మంచి ఆలోచన పుడితే కేంద్ర ప్రభుత్వ 'ఇన్‌స్పైర్ – మానక్' అవార్డుకు స్కూల్ ద్వారా పంపవచ్చు. ఎంపికైన ఆలోచనకు నమూనా తయారుచేసుకోవడానికి 10 వేల రూపాయలు ఇస్తారు. ప్రైవేటు స్కూళ్ల పిల్లలు కూడా అర్హులే.

3. గొంతు దానం. భాషిణిలో 'భాషా దాన్' అనే విభాగం ఉంది. తెలుగు వాక్యాలు చదివి రికార్డు చేయవచ్చు, ఇతరులు చేసినవి విని సరిచూడవచ్చు. గొంతు కూడా సొంత సమాచారమే కాబట్టి పిల్లలను ఒంటరిగా వదలకండి. పెద్దవారు పక్కన కూర్చుని, షరతులు చదివాకే చేయండి.

ప్యాకేజీ గురించి అడగడం మానేయమని నేను చెప్పను. దానితో పాటు ఇంకో ప్రశ్న కలపమంటున్నాను: "నాన్నా, నువ్వు నేర్చుకునేదాంతో ఎవరి కష్టం తీరుతుంది?" ఈ రెండు ప్రశ్నలూ వింటూ పెరిగిన పిల్లలు రేపు జీతం తీసుకున్నా, ఫెలోషిప్ తీసుకున్నా, ఒకనాడు తామే పదిమందికి ఇచ్చే స్థితికి వచ్చినా ఆలోచించి చేస్తారు.

వచ్చే మీటింగ్‌కు ఆ అమ్మమ్మగారు వస్తే, ఈసారి నా దగ్గర జవాబు ఉంది. ఫోనుకు ఆమె గొంతు ఎందుకు కావాలో చెప్పి, ఇష్టమైతే మనవరాలితో కలిసి కొన్ని వాక్యాలు రికార్డు చేయమని అడుగుతాను. కోట్లు ఇచ్చేవారి జాబితాలో ఆమె పేరు ఉండదు. అయినా ఆ దానం లేకుండా వారి కోట్లు తెలుగు నేర్చుకోలేవు.