బ్రాక్: దీనజనోద్ధరణ సంస్థ

1971 నాటి విమోచన సంగ్రామకాలమున భారతదేశమున శరణుజొచ్చి, పిదప స్వగ్రామములకు మరలివచ్చిన నిరాశ్రయులకు పునరావాసము కల్పింప సంకల్పించి, ఫజ్లే హసన్ అబేద్ 1972లో బంగ్లాదేశమునందలి సుల్లా ప్రాంతమున నెలకొల్పిన సంస్థయే బ్రాక్. తాత్కాలిక సహాయమాత్రమున దారిద్ర్యము తొలగదని గ్రహించి, ఈ సంస్థ సూక్ష్మఋణములు, అనియత విద్య, ప్రజారోగ్యము అను మార్గముల నవలంబించెను. అతిసారముచే శిశువులు మరణించుచుండగా, 1980 నుండి 1990 వఱకు కార్యకర్తలు ఇంటింటికిని వెడలి, నీటిలో ఉప్పు, బెల్లము తగుపాళ్ళలో కలిపి ప్రాణరక్షక ద్రావణము చేయు విధమును కోటికి పైగా గృహములయందలి తల్లులకు నేర్పిరి. 2002లో ఆరంభమైన నిరుపేదల పథకమున పశువులు మొదలగు జీవనోపాధి సాధనములు, స్వల్పకాలిక భృతి, శిక్షణ, పొదుపు ఏకకాలమున సమకూర్పబడును.

గుర్తుంచుకొనవలసినవి: ప్రధాన కార్యాలయము ఢాకా, అబేద్‌కు రామన్ మెగసెసె పురస్కారము 1980లోను, ప్రపంచ ఆహార బహుమతి 2015లోను లభించెను.