వేడి ఎక్కడ ఆగిపోయింది?

మొన్న మే నెలలో మా తమ్ముడి గేమ్ కన్సోల్ ఆన్ చేసిన 12 నిమిషాలకల్లా ఆగిపోవడం మొదలెట్టింది. ముందు ఫ్యాన్ మిక్సీలా అరుస్తుంది, తర్వాత బాగా వేడెక్కిందని స్క్రీన్ మీద ఒక మెసేజ్, ఆ తర్వాత అంతా నలుపు. ఏ కంపెనీదో ఎందుకులెండి, సెకండ్‌హ్యాండ్‌ది. రెండేళ్ళు పండగలకి చేతిలో పెట్టిన డబ్బులన్నీ దాచుకుని వాడు కొనుక్కున్నది. షాప్‌లో చూపిస్తే బోర్డు పోయింది, 4,500 అవుతుంది, గ్యారంటీ మాత్రం ఇవ్వలేం అన్నారు. ఇంక దాని మీద ఒక్క రూపాయి పెట్టేది లేదన్నారు నాన్న. తమ్ముడు నా వైపు తిరిగి, "నువ్వు చదివేది కంప్యూటర్సే కదా?" అన్నాడు.

నేను చదివేది సీఎస్ఈ. అప్పటిదాకా స్క్రూడ్రైవర్ పట్టింది కాలింగ్ బెల్‌లో బ్యాటరీ మార్చడానికే. అయినా వాడి ముందు తెలీదని ఎలా చెప్తాం?

విప్పే ముందు కొంచెం చదివా. ఆట నడుస్తున్నప్పుడు ఇలాంటి కన్సోల్ 100 వాట్లకి పైనే కరెంటు తీసుకుంటుంది. అదంతా చివరికి వేడే అవుతుంది. ఒక పాత 100 వాట్ల బల్బుని డబ్బాలో పెట్టి మూసినట్టు అనుకోండి. అందులో ఎక్కువ భాగం పుట్టేది బొటనవేలి గోరుకంటే కాస్త పెద్దదైన చిప్‌లో. ఆ వేడి చిప్ నుంచి థర్మల్ పేస్ట్‌లోకి, అక్కడి నుంచి హీట్‌సింక్‌లోకి, దాని రేకుల మధ్య నుంచి ఫ్యాన్ తోసే గాలిలోకి, గాలితో గదిలోకి పోవాలి. నెట్‌వర్క్స్ క్లాసులో చెప్పిన బాటిల్‌నెక్ ఇక్కడా అదే. ఒక్కచోట దారి ఇరుకైతే మిగతా దారి ఎంత బాగున్నా లాభం లేదు. ఫ్యాన్ అరుపు జబ్బు కాదు, చిప్ వేడెక్కుతోందని సెన్సర్ చెప్తే అది ఇంకా గట్టిగా తిరుగుతోందంతే.

ప్లగ్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, ఒక గంట వదిలేశా. లోపల పవర్ సప్లై డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని బయటికి తీయొచ్చు కానీ విప్పకూడదు, ప్లగ్ తీసినా అందులోని కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉండొచ్చు. స్క్రూలు నక్షత్రం ఆకారంలో, మధ్యలో చిన్న పుల్లతో ఉన్నాయి. వాటికి సరిపడే బిట్ కోసం మూడు హార్డ్‌వేర్ షాపులు తిరిగా.

మూత తీశాక ఇద్దరం నోరెళ్ళబెట్టాం. హీట్‌సింక్ రేకుల ముందు బూడిదరంగు దుప్పటి ముక్క పరిచినట్టు దుమ్ము. మామూలు దుమ్ము కూడా కాదు, జిడ్డు. మా ఇంట్లో టీవీ స్టాండ్ పక్కనే దేవుడి అర. రోజూ అగరుబత్తి పొగ ఆ దుమ్ముని అతికించేసిందని నా అనుమానం, ఎందుకంటే ఊదగానే సాంబ్రాణి వాసన వచ్చింది. పైగా దుమ్ము పడకూడదని అమ్మ కన్సోల్ మీద ఒక అల్లిక గుడ్డ కప్పేది. పక్కనున్న గాలి రంధ్రాలు సగం ఆ గుడ్డ కిందే.

బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి. గాలికి అది గిర్రున తిరిగితే బేరింగ్ పాడవచ్చు, బోర్డుకి కలిపి ఉంటే జనరేటర్‌లా పనిచేసి కరెంటుని వెనక్కి తోయొచ్చు కూడా. దుమ్ము తీసేసి బిగించి పెడితే 12 నిమిషాలు కాస్తా 40 అయ్యాయి. తమ్ముడు గంతులేశాడు గానీ, 40 దగ్గర మళ్ళీ ఆగింది.

అంటే ఇంకో ఇరుకు ఉంది. ఈసారి హీట్‌సింక్ దాకా విప్పా. పాత పేస్ట్ ఎండిపోయి సుద్దముక్కలా రాలింది. అసలు పేస్ట్ ఎందుకో ఇక్కడే అర్థమైంది నాకు. చిప్పు, లోహం రెండూ నున్నగా కనిపిస్తాయి, కానీ మధ్యలో కంటికి కనపడని గుంటలు, వాటినిండా గాలి. వేడిని మోసే శక్తిని ఒకే కొలతలో చూస్తే రాగికి దాదాపు 400, అల్యూమినియంకి 200 పైన, చాలా పేస్ట్‌లకి 10 లోపు, గాలికి 0.026. పేస్ట్ లోహం ముందు ఎందుకూ పనికిరాదు, గాలి ముందు మాత్రం రాజు. అందుకే గుంటలు నిండేంత చాలు. ఎక్కువ పూస్తే ఆ మందమే అడ్డం.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత పేస్ట్ పెట్టి బిగించా. ఆన్ చేస్తే 20 నిమిషాలు! ముందుకన్నా ఘోరం. తమ్ముడు ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. ఆ రాత్రి నిజంగానే భయమేసింది, బోర్డుని నేనే చంపేశానేమో అని.

వాడు ఆ రాత్రి ఫోన్‌లో వెతికి, కన్సోల్‌ని టవల్‌లో చుట్టి ఆన్ చేస్తే బాగవుతుందట అన్నాడు. ఇది ఎక్స్‌బాక్స్ 360 కాలం నాటి చిట్కా. 2005లో వచ్చిన ఆ కన్సోల్ ముందు ఎర్ర లైట్లు వెలిగి చచ్చిపోయేది. గొడవ ఎంత పెద్దదైందంటే 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీని మూడేళ్ళకి పెంచి, 100 కోట్ల డాలర్లకి పైగా పక్కన పెట్టాల్సొచ్చింది. వేడెక్కడం, చల్లారడం పదేపదే జరిగి చిప్ ప్యాకేజీ లోపలి సన్నటి కనెక్షన్లు పగిలేవని కంపెనీ వాళ్ళే తర్వాత చెప్పారు. టవల్‌తో సోల్డర్ కరిగి అతుక్కుంటుందని జనం నమ్మారు. లెడ్ లేని సోల్డర్ కరగడానికి దాదాపు 217 డిగ్రీలు కావాలి, టవల్‌లో అంత వేడి రాదు. వేడి వల్ల పోయినదానికి మందు ఇంకాస్త వేడా?

మర్నాడు మళ్ళీ విప్పి చూస్తే తప్పు నాదే. పేస్ట్ ఒక పక్కకి జారిపోయింది, ఇంకో మూల అసలు తాకనే లేదు. హీట్‌సింక్ స్క్రూల్లో ఒకవైపువి పూర్తిగా బిగించి, తర్వాత రెండోవైపుకి వెళ్ళా. ఆటో టైరు నట్లు బిగించేవాళ్ళని చూశారా? ఒకటి కాస్త, దాని ఎదురుది కాస్త, మళ్ళీ మొదటిది. ఈసారి అలాగే చేశా, స్క్రూకి అర చుట్టు చొప్పున.

మూడు గంటలు ఆడాం. ఆగలేదు. ఫ్యాన్ అరవలేదు. ఖర్చు బిట్టు, పేస్టు, ఆల్కహాల్ కలిపి 600 లోపే.

ఒక జాగ్రత్త. పీఎస్5 ఉన్నవాళ్ళు ఇది చదివి విప్పేయకండి. అందులో పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ ఉంటుంది, అది కరెంటుని కూడా మోస్తుంది. ఒక్క చుక్క బోర్డు మీద పడితే షార్టే.

కన్సోల్ ఇప్పుడు స్టాండ్ పైన, గోడకి జానెడు దూరంలో ఉంది. అల్లిక గుడ్డని అమ్మ మిక్సీకి మార్చింది. పేస్ట్ ట్యూబ్‌లో సగానికి పైగా మిగిలింది, నాతో పాటు హాస్టల్‌కి తెచ్చా. ల్యాప్‌టాప్ మోగుతున్నవాళ్ళు అడగండి ఇస్తా, ఆల్కహాల్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.