పిట్టగోడ లేని యిల్లు

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, ఆదికాండము 4:8-10, మత్తయి 27:24

క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టును పిట్టగోడ కట్టింపవలెనని ధర్మశాస్త్రము విధించుచున్నది. గోడ లేనందున ఎవడైనను పడి చనిపోయినయెడల ఆ దోషము ఆ యింటిమీదికి వచ్చును. ఇంటివాడు పడినవానిని త్రోయలేదు; అయినను కట్టినవాడతడే. ఇచ్చట హెబ్రీ మూలములో 'రక్తము' అను మాట బహువచనముగా నున్నది. హేబెలు రక్తము నేలనుండి మొఱపెట్టెనని చెప్పిన చోటను అదే బహువచనము. కయీనును ఈ గృహస్థుడును సమాన దోషులని దీని భావము కాదు. కాని దేవుడు ఇరువురిని లెక్క అడుగుచున్నాడు.

ఈ ఆజ్ఞ వెలుగులో గత శతాబ్దపు నిర్మాణమొకటి పరిశీలింతము. హిట్లరు అణుబాంబును ముందుగా సంపాదించునేమో యను భయముతో రెండవ ప్రపంచ యుద్ధకాలమున అనేక శాస్త్రజ్ఞులు అమెరికాలోని లాస్ అలమోస్‌లో కూడిరి. వారిలో పోలండులో జన్మించిన యూదుడు జోసెఫ్ రాట్‌బ్లాట్ ఒకడు. యుద్ధారంభమున పోలండులో చిక్కుకొనిన భార్య అతనికి మరల దక్కలేదు. నాజీలను ద్వేషించుటకు అతనికి కారణము లేకపోలేదు. అయినను జర్మనీ ఆ ప్రయత్నము విడిచినదని 1944 చివర తెలిసికొని, అతడు ఆ పని మాని బ్రిటనుకు తిరిగి వెళ్లెను. ఏ భయము తన్ను ఆ పనికి తెచ్చెనో అది తొలగెను గనుక, పనియు ఆగవలెనని అతడెంచెను.

తక్కినవారు కొనసాగించిరి. వారు దుర్మార్గులు కారు. తమ లెక్కలు నిజమగునో లేదో చూడగోరినవారు కొందరు. యుద్ధము త్వరగా ముగిసి సైనికుల ప్రాణములు దక్కునని తలంచినవారు కొందరు. 1945 మేలో జర్మనీ లొంగిపోయెను, పని ఆగలేదు. జపానుకు లొంగుబాటు షరతులు తెలిపి అవకాశమియ్యక బాంబు వేయరాదని జూలైలో లియో సిలార్డ్ వ్రాసిన విన్నపముపై 70 మంది శాస్త్రజ్ఞులు సంతకము చేసిరి. అది అధ్యక్షుడు ట్రూమన్‌ను సకాలమున చేరలేదు. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి దగ్ధమాయెను. ఆ సంవత్సరాంతమునకు రెండు పట్టణములలో సుమారు 2,00,000 మంది మరణించిరని అంచనా. ఆ విన్నపము గౌరవింపదగినదే. కాని పిట్టగోడను ఇల్లు కట్టునప్పుడే కట్టవలెను.

"చేయుట మా వంతు, ప్రయోగించుట ఏలువారి వంతు" అని కొందరందురు. ఏలువాడైన పిలాతు నేరమును జనులమీదికి నెట్టి చేతులు కడుగుకొనెను. కడుగుకొనుటకు నీళ్లు ఎవనికైనను దొరకును. రక్తము మాత్రము మొఱపెట్టుచునే యుండును. పొరపాటున పడువాని నిమిత్తమే కట్టినవాడు బాధ్యుడైనయెడల, చంపుటకే కట్టబడిన దానినిగూర్చి ఏమందుము?

జ్ఞానము పాపము కాదు. బెసలేలు చేతిపనికి నేర్పునిచ్చినది దేవుని ఆత్మయే (నిర్గమ. 31:1-5). ఇచ్చినవాడే లెక్క అడుగును. రాట్‌బ్లాట్ తరువాత తన విద్యను వైద్యమునకు వినియోగించెను. 1957లో ఆరంభమైన పగ్వాష్ సమావేశములలో అణ్వాయుధ నివారణకై పాటుపడెను. 1995లో ఆ సంస్థతో కలిసి నోబెల్ శాంతి బహుమానము పొందెను. అతడు వెళ్లినందున బాంబు ఆగలేదు. అయినను ఇతరుల పనికి కాదు, మన పనికే మనము ఉత్తరవాదులము.

ప్రియ చదువరులారా, మన బిడ్డలకు శాస్త్ర పరిశోధనశాలలో ఉద్యోగము దొరకినప్పుడు ఆలయములో కృతజ్ఞతార్పణ చెల్లింతుము. ఆ ఉద్యోగములో వారు చేయుచున్న దేమని అడుగుదుమా? దేశరక్షణవిషయమున విశ్వాసులలో భిన్నాభిప్రాయములున్నవి. ఏ అభిప్రాయము గలవారైనను, ఆ ప్రశ్నను మాత్రము ఆలయము వెలుపల విడిచిపెట్టరాదు. పని మొదలుపెట్టిన నాటి కారణము నేడును నిలిచియున్నదా యని మధ్యలో ఆగి అడుగు ధైర్యమును బిడ్డలకు నేర్పుదము.

ధ్యానించుటకు: నేను కట్టుచున్న దానినుండి ఎవరు పడవచ్చును?

ప్రార్థన: జ్ఞానమునకు ఆధారమగు తండ్రీ, మా చేతుల పనిని పరిశోధింపుము. ఆగవలసినచోట ఆగు ధైర్యమును మాకు దయచేయుము. ఆమేన్.