రొయ్య పెంకుకు అంటుకున్నదెంత?

రొయ్య పెంకులోని కైటిన్ నీళ్లలో కరగదు. ప్రోటీన్ దాన్ని పట్టుకుంటుందో లేదో తేల్చే పరీక్షంతా ఈ ఒక్క గుణం మీదే నడుస్తుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కైటిన్ అడుగుకు దిగుతుంది. పట్టుకున్న ప్రోటీన్ దాని వెంటే పోతుంది, పట్టుకోనిది పైతేటలో ఉండిపోతుంది.

ముందు కైటిన్ తీయాలి. రొయ్య పెంకుల పొడిని పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే కాల్షియం కార్బనేట్ కరుగుతూ నురగ బుసబుసా పొంగుతుంది. అందుకే పాత్ర పెద్దదుండాలి, పొడి కొంచెం కొంచెంగా వేయాలి. తర్వాత సోడియం హైడ్రాక్సైడ్‌లో కాచి పెంకు సొంత ప్రోటీన్లను వదిలించాలి. ఇక్కడ తొందరపడితే మిగిలిపోయిన ఆ ప్రోటీనే రేపు పైతేటలోకి వచ్చి లెక్క చెడగొడుతుంది. పీహెచ్ 7కు వచ్చేదాకా కడగడం విసుగు పనే, తప్పదు.

ప్రోటీన్‌గా సెరాషియా మార్సెసెన్స్ బాక్టీరియా వదిలే సీబీపీ21ని తీసుకుందాం. అది కైటిన్ గొలుసులను ఆక్సీకరణతో తెంచే ఎంజైమని 2010లో తేలింది. ఆస్కార్బిక్ ఆమ్లం లాంటి ఎలక్ట్రాన్ దాతను కలపకపోతే కోత పెద్దగా సాగదు కాబట్టి పట్టును విడిగా కొలవచ్చు. సెరాషియా ప్రోటియామాక్యులన్స్‌లోని ఇలాంటి ప్రోటీన్లు కైటిన్‌ను కోసే కైటినేజ్ ఎంజైములకు తోడ్పడతాయని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పొదిలె అప్పారావు బృందం 2012లో చూపింది.

ఒక మిల్లీలీటరు ఫాస్ఫేట్ బఫర్‌లో 10 మిల్లీగ్రాముల కైటిన్, 100 మైక్రోగ్రాముల ప్రోటీన్ కలిపి రాత్రంతా తిప్పుతూ ఉంచాలి. ఆపితే కైటిన్ పేరుకుపోతుంది. పక్కనే ఇంకో మూడు ట్యూబులు: ప్రోటీన్ మాత్రమే ఉన్నది, కైటిన్ మాత్రమే ఉన్నది, కైటిన్‌తో ఆవు సీరం ఆల్బుమిన్ ఉన్నది. వీటిలో మొదటిదే నాకు ముఖ్యం. ప్లాస్టిక్ గోడకు అంటుకున్న ప్రోటీన్ కూడా పైతేటలో కనిపించదు. ఆ ట్యూబు లేకపోతే గోడ పట్టును కైటిన్ ఖాతాలో రాసేస్తాం.

తెల్లవారి ట్యూబులను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాక పైపెట్ మొనను మడ్డికి దూరంగా, ద్రవం పైమట్టానికి కాస్త కిందే ఉంచి పైతేటను తీయాలి. బ్రాడ్‌ఫోర్డ్ రంగు కలిపితే గోధుమ వన్నె నీలానికి తిరుగుతుంది. దాన్ని 595 నానోమీటర్ల దగ్గర చదవాలి. మడ్డిని ఉప్పు బఫర్‌తో కడిగి, ఎస్‌డీఎస్ డిటర్జెంట్‌లో మరిగించి జెల్ మీద నడిపితే పైతేటలో తగ్గింది ఇక్కడ గీతగా రావాలి. జమాఖర్చు సరిపోకపోతే ముందుకు పోకూడదు.

సరిపోయాక ప్రోటీన్ మోతాదు పెంచుకుంటూ ఇదే వరస మళ్లీ మళ్లీ చేయాలి. ఎంత పోసినా పట్టు ఇక పెరగని చోటిదాకా బిందువులుంటేనే పట్టు ఎంత గట్టిదో చెప్పే కేడీ విలువను నమ్మవచ్చు. అది ఏ కైటిన్ మీద వచ్చిందో కూడా రాయాలి: సీబీపీ21కి రొయ్య, పీత పెంకుల కంటే స్క్విడ్ కైటిన్ మీద మక్కువ ఎక్కువ.