కాలినడక దూరము

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన కృష్ణాజిల్లాలోని దివిసీమను ఉప్పెన ముంచెత్తెను. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రము ఊళ్లపై బడెను. పదివేల మందికి పైగా మరణించిరి. తీరమునందలి జాలరులలో, కూలివారిలో పెక్కుమందికి ఎడ్లబండియైనను లేదు. అట్టివారికి తుపాను వచ్చుచున్నదని చెప్పి ఊరకున్నచో ఏమి ప్రయోజనము? ముసలితల్లిని, చంటిబిడ్డను ఎత్తుకొని బురదబాటలో ఎంతదూరము పోగలరు?

తరువాతి కాలమున తీరగ్రామములలో తుపాను రక్షిత భవనములు వెలసినవి. అవి స్తంభములపై ఎత్తుగా నిలిచియుండును. ఉప్పెననీరు క్రిందుగా సాగిపోవును. మామూలు దినములలో కొన్నిటియందు పిల్లలు చదువుకొందురు. భవనమెంత దృఢమైనను, నడచి చేరగలిగినంత దగ్గర లేనిచో నిష్ప్రయోజనము.

నడువలేనివారి మాట వేరు. వృద్ధులు, గర్భిణులు, వికలాంగులు ఏ యింటనున్నారో ముందే వ్రాసియుంచుకొని, వారికొరకు బస్సులను, ట్రాక్టర్లను పంపవలెను. అదియు గాలి ముదురకమునుపే. చెట్లుకూలి దారి మూసుకొనిన పిదప వాహనములుండియు లేనట్లే.

1990 మే నెలలో అదే తీరమును మరియొక పెనుతుపాను తాకెను. లక్షమందికి పైగా ప్రజలను ముందే తరలించిరి. మృతులు వేయిమందికి లోపే. అదియు చిన్న సంఖ్య కాదు.

పశువులను విడిచి రామని మొండికెత్తువారు నేటికిని కలరు. వారి పశువుల పలుపులు విప్పించి, మెరకకు తోలించిన పిదపనే బస్సు ఎక్కుమని చెప్పవలసియుండును.