ఫొటోలకు ఆగితే పరుగు పూర్తవుతుందా?

ప్రశ్న: జనవరిలో ఫ్లోరిడాలో జరిగే డిస్నీ వరల్డ్ మారథాన్‌కు పేరిచ్చాను. నా పరుగు నెమ్మది. దారిలో మిక్కీ పక్కన ఫొటోలకు ఆగొచ్చా?
– ఒక పాఠకురాలు, అట్లాంటా

జవాబు: ఆగండమ్మా, కానీ లెక్క చూసుకుని. అక్కడి నియమం మైలుకు 16 నిమిషాలు, అంటే కిలోమీటరుకు దాదాపు 10. బాగా వెనకబడితే బస్సెక్కించేస్తారు. ఫొటో వరుసలో నిలబడ్డ సమయమూ మీ లెక్కలోకే వస్తుంది. అందుకే సాధనలో మైలుకు 14 నిమిషాలు అలవాటు చేసుకోండి. ఆ మిగులే ఫొటోలకు. ముందు గుంపుల్లో బయల్దేరినవారికి వెసులుబాటు ఇంకా ఎక్కువ.

పరుగు తెల్లవారకముందే మొదలవుతుంది. అంతకు చాలాముందే చేరి ఆరుబయట నిలబడాలి, పాత స్వెట్టరు వేసుకెళ్లండి.

నాకు అసలు భయం ఫొటోల గురించి కాదు, ముందురోజు గురించి. పార్కుల్లో పొద్దంతా తిరిగి వచ్చిన కాళ్లతో 42.195 కిలోమీటర్లు చాలా కష్టం. ఆ రోజు ఇంట్లోవాళ్లను పార్కుకు పంపి, మీరు గదిలో పడుకోండి.