చిన్నప్పటి జ్వరం ఫిట్స్: హెల్త్ కార్డులో ఆ ఒక్క లైను తప్పక రాయండి



అడ్మిషన్ సమయంలో ఇచ్చే హెల్త్ కార్డులో "ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా?" అనే ప్రశ్న ఉంటుంది. ఎప్పుడో రెండేళ్ల వయసులో జ్వరంతో ఒకసారి వచ్చినా, "ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా, నలుగురికీ తెలియడం ఎందుకు" అని కొందరు "లేదు" అని టిక్ పెడతారు. ఆ సమాధానం మీ బిడ్డకు ఎందుకు అవసరమో ఈ నెల తెలుసుకుందాం.

భయపడాల్సిందేనా?

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో, నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. ఒళ్లంతా వచ్చి, 15 నిమిషాల లోపు ఆగిపోయి, 24 గంటల్లో మళ్లీ రాకపోతే అది సాధారణ రకం. ఎక్కువ మందికి వచ్చేది ఇదే. దీనివల్ల తెలివితేటలు తగ్గవు. పెద్దయ్యాక మూర్ఛ వ్యాధి వచ్చే అవకాశం మిగతా పిల్లల కంటే కొద్దిగానే ఎక్కువ. పారాసిటమాల్ వేసినా ఫిట్స్ రావచ్చు. అది మీ నిర్లక్ష్యం కాదు.

నిమిషాలు ఎందుకు లెక్కపెట్టాలి?

ఒక పక్కనే వచ్చినా, 15 నిమిషాలు దాటినా, ఒకే రోజు మళ్లీ వచ్చినా జాగ్రత్త పడాలి. కణతల లోపలి వైపున ఉండే టెంపోరల్ లోబ్‌లో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం ఉంటుంది. ఫిట్స్ అరగంట దాటితే అది దెబ్బతినవచ్చు. అలాంటి పిల్లలకు అమెరికాలో ఎమ్మారై తీసి చూసిన ఫెబ్‌స్టాట్ అధ్యయనంలో, సుమారు పదిమందిలో ఒకరికి ఆ గాయం కనిపించిందని 2012లో ప్రకటించారు. అది మచ్చగా మిగిలిపోతే, కొన్నేళ్ల తర్వాత టెంపోరల్ లోబ్ ఎపిలెప్సీ మొదలుకావచ్చు. కొందరిలో జన్యువుల పాత్ర కూడా ఉంటుంది.

క్లాసులో ఎలా కనిపిస్తుంది?

ఈ ఫిట్స్‌లో బిడ్డ కింద పడిపోకపోవచ్చు. కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు ఉంటుంది. ఉన్నట్టుండి భయం వేస్తుంది. తర్వాత చూపు ఒకచోటే నిలిచిపోతుంది, పిలిస్తే పలకరు. పెదవులు చప్పరిస్తారు, చొక్కా గుండీలు తడుముకుంటారు. ఒకటి రెండు నిమిషాల్లో తగ్గినా, కాసేపు అయోమయంగా ఉంటారు.

ఆరు, ఏడు తరగతుల్లో ఇది టీచర్‌కు పరధ్యానంలా, ఇంట్లో నాటకంలా అనిపిస్తుంది. తిట్లు పడతాయి, మార్కులు తగ్గుతాయి. కార్డులో ఆ పాత జ్వరం సంగతి రాసి ఉంటే, టీచర్ తిట్టే ముందు మీకు ఫోన్ చేస్తారు.

ఫిట్స్ వచ్చినప్పుడు

- వెంటనే టైమ్ చూడండి. ఇంకొకరిని వీడియో తీయమనండి.
- బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, మెడ దగ్గర బట్టలు వదులు చేయండి.
- నోట్లో చెంచా, నీళ్లు, మాత్ర ఏదీ పెట్టవద్దు. చేతిలో తాళంచెవులు పెట్టినా, ఉల్లిపాయ వాసన చూపినా ఫిట్స్ ఆగవు.
- 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.
- జ్వరంతో మొదటిసారి ఫిట్స్ వస్తే, ఆగిపోయినా సరే అదే రోజు డాక్టర్‌కు చూపించండి.

వైద్యం ఉంది

పిల్లల న్యూరాలజిస్టు మీ వీడియో చూసి, ఈఈజీ, ఎమ్మారై రాస్తారు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాళ్లు మెట్రో రెడ్ లైన్‌లో లక్డీకాపూల్‌లో దిగితే నీలోఫర్, పంజాగుట్టలో దిగితే నిమ్స్ దగ్గర. చాలామందికి మందులతోనే తగ్గుతుంది. సరైన మందులు రెండు వాడినా తగ్గకపోతే ఆపరేషన్ గురించి అడగండి. మందులకు లొంగని మూర్ఛ ఉన్న 116 మంది పిల్లలపై ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. ఏడాది తర్వాత ఫిట్స్ పూర్తిగా ఆగినవారు ఆపరేషన్ చేయించుకున్న పిల్లల్లో 77 శాతం, మందుల మీదే ఉన్నవారిలో 7 శాతం.

ఈ నెల మీరు చేయాల్సింది

హెల్త్ కార్డు మరోసారి తీయండి. ఫిట్స్ ఏ వయసులో వచ్చాయి, ఎన్ని నిమిషాలు ఉన్నాయి, ఒక పక్కా లేక ఒళ్లంతానా, ఎన్నిసార్లు వచ్చాయి? ఈ నాలుగు సంగతులూ ఒక్క లైనులో రాసి, క్లాస్ టీచర్‌కు ఇవ్వండి.